ఆకుపచ్చ గౌనుకి ఫోటో లేదు

తూనీగకు కుదురు లేదు. ఇప్పుడు కాదు, పుట్టినప్పటినుంచీ లేదు. అసలు పేరు వేరే ఉన్నా బళ్ళో హాజరు పిలిచేటప్పుడు తప్ప దాని అవసరం ఎవరికీ పడలేదు. కూర్చుంటే మోకాలు ఊపుతుంది, నిలబడితే గోడ గీరుతుంది, భోజనం మధ్యలో లేచి వెళ్ళి వీధిలో ఎవరొచ్చారో చూసొస్తుంది. పోనీ అలాంటి పిల్ల ఏ బస్సు డ్రైవరు ఇంట్లోనో పుట్టిందా అంటే, అదీ లేదు. ఫోటోగ్రాఫరు ఇంట్లో పుట్టింది. కింద స్టూడియో, పైన ఇల్లు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు తండ్రి నోటివెంట వచ్చే మాట ఒక్కటే: "కదలకండి." పెళ్ళివాళ్ళను కదలకండంటాడు, చంటిపిల్లలను కదలకమ్మా అంటాడు. కన్నకూతురి దగ్గరే ఆ మాట చెల్లలేదు. ఊళ్ళోవాళ్ళ మొహాలన్నీ అద్దాల వెనక కళకళలాడుతుంటే, ఆ ఇంటి పిల్లకు మాత్రం మొహం చెదరని ఫోటో ఒక్కటి లేదు.

అయితే ఈ ఏడాది పట్టుకున్న దురద మామూలుది కాదు. బడి చదువు అయిపోయింది. రాళ్ళూ కొండలూ నేలపొరలూ చదువుతానంది. తల్లి సంతోషించింది, ఎందుకంటే ఆ చదువు ఊళ్ళో కాలేజీలోనే ఉంది, వీధి చివర మలుపు తిరిగితే గేటు.

"ఇక్కడే చదువుకో. రాళ్ళు ఎక్కడైనా రాళ్ళే. నీలాగా పరిగెత్తిపోవుగా!" అంది తల్లి.

తూనీగ ఒప్పుకోలేదు. బస్సులో సగం పూట ప్రయాణం చేస్తే వచ్చే పెద్ద విశ్వవిద్యాలయం ఉంది చూశారూ, చదివితే అక్కడే చదువుతానంది. ఆ మాట వినగానే తండ్రి చేతిలోని లెన్సు మూత కింద పడింది.

ఎందుకు పడిందో తెలియాలంటే అత్త సంగతి చెప్పాలి.

అత్తంటే తండ్రికి అక్క. లెక్కల్లో ఆవిడను మించినవాళ్ళు ఊళ్ళో లేరని అప్పట్లో పంతుళ్ళే చెప్పుకునేవారు. తూనీగ వయసులో ఉండగా ఆవిడను ఆ విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూకి రమ్మంది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళింది, దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చింది, సీటు రాలేదు. దాని గురించి ఆవిడ ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పాల్సిందంతా తాతే చెప్పాడు. ఆ స్టూడియో పెట్టింది ఆయనే. కోపం ముక్కు మీదే ఉండేది. "నా కూతుర్ని కాదంటారా! ఫోటోలు తీసేవాడి పిల్ల అని చిన్నచూపా!" అని వీధి వీధంతా వినేలా అరిచి, ఆ వేడి మీదే రెండు పనులు చేశాడు.

మొదటిది, స్టూడియో తలుపుకి బోర్డు కొట్టించాడు: "ఆకుపచ్చ గౌనుకి ఇక్కడ ఫోటో తీయబడదు." పట్టా ఇచ్చే రోజున ఆ విశ్వవిద్యాలయం వాళ్ళు తొడిగే గౌను ఆకుపచ్చది. ఊళ్ళో ఎవరి బిడ్డ ఆ గౌను వేసుకుని ముచ్చటగా వచ్చినా తాత గుమ్మంలోంచే పంపేసేవాడు. ఆయన పోయాక కొడుకూ అదే నియమం పట్టాడు. ఒకసారి పాపం ఎవరో పెద్దావిడ ఆకుపచ్చ శాలువా కప్పుకుని పాస్‌పోర్టు ఫోటోకి వస్తే, కళ్ళజోడు పెట్టుకోకుండా చూసి ఆవిడనూ తిరగ్గొట్టాడు. తూనీగ తల్లి వీధి చివరిదాకా వెంటపడి బతిమాలినా ఆవిడ తిరిగి రాలేదు.

రెండోది పరదా. "మనల్ని వాళ్ళ మెట్లెక్కనివ్వకపోతే ఆ మెట్లనే మనింటికి తెచ్చుకుందాం. కొళాయిలు బాగుచేసేవాడైనా సరే, వచ్చి వాటి ముందు దర్జాగా నిలబడతాడు. నువ్వు చూసొచ్చావుగా, గీయి" అని తాత కూతురి చేతికి కుంచె ఇచ్చాడు. గోడంత గుడ్డ. వెనకే నిలబడి "ఇక్కడేముంది? అటువైపేముంది?" అని అడుగుతుంటే అత్త తల తిప్పకుండా గీసింది. వెడల్పాటి తెల్లని మెట్లు, వాటిపైన ఎత్తైన స్తంభాలు, నడినెత్తిన గడియారం. ఎంత బాగా వచ్చిందంటే ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళంతా దాని ముందే ఫోటో దిగారు. అది నిజంగా అలాగే ఉంటుందా అని అడిగినవాడు లేడు. అక్కడ చదివొచ్చి అడగగలిగినవాళ్ళను గుమ్మం తొక్కనిస్తేగా!

ఆ తర్వాత అత్త స్టూడియో వెనక గదిలో టచింగు పనికి కుదురుకుంది. నెగెటివుల మీద మచ్చలూ ముడతలూ సన్న కుంచెతో సరిచెయ్యడం ఆ పని. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే తాతే అడ్డుపడేవాడు, ఒకసారి దెబ్బతిన్న పిల్ల, దాని జోలికి పోకండని. అలా ఇరవై ఏళ్ళ పైచిలుకు గడిచిపోయింది. ఆవిడ ఊరి పొలిమేర దాటింది లేదు.

అదండీ సంగతి. తూనీగ ఆ పరదా మీది మెట్ల ముందే పాకింది, వాటి ముందే నడక నేర్చింది. ఇప్పుడేమో, "అత్తను కాదన్న నోటితోనే వాళ్ళు నన్ను ఔననాలి. ఆకుపచ్చ గౌను తొడుక్కుని మన స్టూడియోలోకే వస్తా. అప్పుడు ఎలా తీయవో చూస్తా నాన్నా!" అంది. తండ్రి కాసేపు రుసరుసలాడాడు. తర్వాత ఆలోచించినకొద్దీ ఆ మాట ఆయనకు నచ్చేసింది. నచ్చడమేమిటి, కళ్ళలో నీళ్ళే తిరిగాయి.

వద్దన్నది ఒక్క అత్తే. చెవిలో ఇల్లు కట్టుకుని మరీ పోరింది. "ఇంకెక్కడైనా చదువుకోవే. ఆ ఊరు తప్ప లోకంలో ఊళ్ళే లేవా?"

"నీకు జరిగిన అన్యాయం..."

"నాకు జరిగినదాని గురించి నేనే ఊరుకుంటే నీకెందుకే? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

పాత గాయం సలుపుతోంది పాపం, అనుకుంది తూనీగ. దాంతో పట్టుదల ఇంకా ముదిరింది. రాత్రీ పగలూ అదే ధ్యాస. నెల రోజులు అద్దం ముందు నిలబడి ఒకే జవాబు వల్లెవేసింది: మా అత్తకు మీరు బాకీపడ్డ సీటు నాకివ్వండి, కావాలంటే పరీక్షించి ఇవ్వండి.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. ఆ రోజు పెళ్ళి ఫోటోల పని ఉండటంతో తండ్రి బస్సు దాకా మాత్రమే వచ్చాడు. "తలెత్తి మాట్లాడు. ఎవరి మేనకోడలివో చెప్పు" అన్నాడు. అత్త బయటికే రాలేదు. తలనొప్పి అని వెనక గదిలో తలుపేసుకుంది.

బస్సులో తూనీగ కూర్చున్న సీటుకు శాంతి లేదు. పక్కనున్నాయన రెండుసార్లు సర్దుకుని చివరికి లేచి వెనక్కి వెళ్ళిపోయాడు. దిగీ దిగగానే రోడ్డు దాటి, గేటు దాటి, మెడ ఎత్తి గడియారం కోసం చూసింది. కనిపించలేదు. పొడుగ్గా, బారుగా, రంగు వెలిసిన ఇటుక గదులు. సైకిళ్ళ స్టాండు. నీళ్ళ ట్యాంకు. ఇది వెనకవైపేమో అనుకుని స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ను అడిగింది.

"పెద్ద మెట్లు ఎటువైపండీ?"

"ఏ మెట్లమ్మా?"

"తెల్లవి. పైన స్తంభాలుంటాయి, గడియారం ఉంటుంది. దాని కిందే ఇంటర్వ్యూలు చేస్తారట."

వాచ్‌మన్ ఆమెను ఎగాదిగా చూశాడు. "వేరే చోట దిగాల్సింది ఇక్కడ దిగినట్టున్నావు. ఇక్కడ మెట్లంటే హాస్టలు మేడవే. అవీ ఇనపవి."

"పడగొట్టేశారేమో?"

"కట్టనిదాన్ని ఎలా పడగొడతారమ్మా? నాకంటే ముందు మా నాన్న కాశాడీ గేటు. నేను ఈ ఆవరణలోనే పెరిగాను. ఇంటర్వ్యూలంటే అదిగో, ఆ పొడుగు గది. మా నాన్న రోజుల్నుంచీ అందులోనే."

తూనీగ నమ్మలేదు. నమ్మితే ఎలా? కాలుగాలిన పిల్లిలా ఆవరణంతా తిరిగింది. గ్రంథాలయం చూసింది, క్యాంటీను చూసింది, చెట్ల వెనక ఏమైనా దాక్కుందేమోనని అక్కడా చూసింది. నేలపొరలు చదివేవాళ్ళ గదుల ముందు వరండాలో బురద బూట్లు పొడుగ్గా వరసపెట్టి ఉన్నాయి. కొండల నుంచి అప్పుడే దిగొచ్చినట్టున్నారు, ఒక అమ్మాయి గోడకు ఆనుకుని బూటు లాగుతూ ఎవరినో తిడుతూ నవ్వుతోంది. తూనీగ అక్కడ కాసేపు ఆగింది. ఆగాక, అప్పటిదాకా తరుముకొస్తున్న ఆలోచన ఆమెను అందుకుంది.

అత్త ఇక్కడికి రాలేదు.

వచ్చి ఉంటే లేని మెట్లు ఎలా గీస్తుంది? లేని గడియారం ఎక్కడినుంచి తెస్తుంది? ఎవరూ కాదనలేదు, ఎవరూ చిన్నచూపు చూడలేదు. అసలు ఆ గేటు దాటనే లేదు మహాతల్లి! తూనీగకు కడుపులోంచి మంట లేచింది. ఆ మంట ఆరకముందే పొడుగు గదిలోంచి ఎవరో ఆమె అసలు పేరు రెండోసారి పిలుస్తున్నారు. పరిగెత్తింది.

బల్లకు అవతల ముగ్గురున్నారు. నడిమి కుర్చీలో జుట్టు నెరిసినావిడ. రాళ్ళ గురించి అడిగినంతసేపూ తూనీగ తడుముకోలేదు. అప్పుడావిడ కలం పక్కన పెట్టింది. "మీ ఊళ్ళోనే ఈ కోర్సు ఉంది కదమ్మా. ఇంత దూరం ఇక్కడికే ఎందుకు రావాలనుకున్నావు?"

వల్లెవేసిన జవాబు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఏమని చెబుతుంది? మా అత్తకు అన్యాయం చేశారనా? వీళ్ళు ఆవిడ మొహమే చూడలేదే!

"పొద్దున్నదాకా ఒక కారణం ఉండేదండీ. ఇప్పుడు లేదు."

పక్కన కూర్చున్న బట్టతలాయన నవ్వాపుకున్నాడు. "ఎక్కడ పోయింది?"

"మీ గేటు దగ్గర."

నెరిసిన జుట్టావిడ మాత్రం నవ్వలేదు. "కారణం లేకపోతే లేచి వెళ్ళిపోవచ్చుగా?"

"వెళ్ళిపోదామనే ఉందండీ." చేతులు బల్ల కింద దాచుకుంది. "మీరు పేరు పిలిచినప్పుడు చచ్చేంత భయమేసింది. మా ఇంట్లో ఒకావిడకు కూడా ఇలాగే భయమేసి ఉంటుంది, ఇక్కడిదాకా వచ్చి వెనక్కెళ్ళిపోయింది. మళ్ళీ ఎక్కడికీ కదల్లేదు. నేను ఇవాళ లేచి వెళ్ళిపోతే ఇంక అంతే. నా సంగతి నాకు తెలుసు." ఇంకేమైనా చెప్పాలేమో అనిపించింది. "ఆ వరండాలో బురద బూట్లున్నాయి కదండీ. నావీ అక్కడ విప్పాలనుంది."

సరే వెళ్ళమన్నారు. సీటు వచ్చినవాళ్ళ పేర్లు శుక్రవారం గేటు దగ్గర అంటిస్తారట, వచ్చి చూసుకోమన్నారు.

తిరుగు బస్సులో తూనీగ దారిపొడుగునా అత్తను తిట్టుకుంది. ఎంత పిచ్చిదాన్ని చేశావు! బూట్లట, బూట్లు! ఆ గదిలో నన్ను చూసి ఏమనుకుని ఉంటారు? ఉన్న ఒక్క కారణాన్నీ ఊడబెరికావు, సీటు రాకపోతే నీదే పాపం. గుమ్మంలోకి అడుగుపెట్టగానే అడగాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకుంది. తీరా వెళ్ళేసరికి స్టూడియోలో తండ్రి, తల్లి, వాళ్ళ వెనక తలుపు పట్టుకుని అత్త. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమన్నారే? ఆ మెట్లు అలాగే ఉన్నాయా?" అన్నాడు తండ్రి.

తూనీగ అత్తవైపు చూసింది. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. ఎంత కోపమున్నా ఆ మొహం మీద కొట్టలేకపోయింది. "ఆఁ, ఉన్నాయి నాన్నా. అలాగే..."

"అబద్ధమాడకే." అత్త గొంతు చిన్నగా వచ్చింది. "ఈ ఇంటికి నాదొక్కటి చాలదూ?"

అత్త తలుపు వదిలి ముందుకొచ్చింది.

"తమ్ముడూ, వాళ్ళు నన్ను కాదనలేదురా. నేనే వెళ్ళలేదు. బస్సు దిగాను, ఎదురుగా గేటు కనిపిస్తోంది. రోడ్డుకి ఇవతల సైకిలు షాపు అరుగు మీద కూర్చున్నాను. దాటలేకపోయాను. ఇప్పుడు లేస్తా, ఇప్పుడు లేస్తా అనుకుంటూనే సాయంత్రం బస్సుకి వచ్చేశాను."

"మరి నాన్నకు ఎందుకలా చెప్పావే అక్కా?"

"నేనేం చెప్పాను? నా మొహం చూసి 'కాదన్నారా?' అన్నాడు. తలూపాను. 'వాళ్ళేమన్నారు' అనే అందరూ అడిగారు గానీ, 'నువ్వు లోపలికి వెళ్ళావా' అని ఎవ్వరూ అడగలేదురా. అడిగుంటే చెప్పేసేదాన్ని. ఆ తర్వాత బోర్డు, పరదా... ఇంక ఎక్కడ చెప్పను?"

తండ్రి గుడ్లప్పగించి చూశాడు. తర్వాత ఒక్కసారిగా జుట్టు పీక్కున్నాడు. "ఎంతమంది పిల్లల్ని గెంటాను! ఎంతమంది తల్లిదండ్రులతో తిట్లు తిన్నాను!"

"శాలువా ముసలావిడ ఇప్పటికీ మనవైపు చూడదు" అంది తల్లి, ఉండబట్టలేక.

ఆయన విసురుగా బయటికి వెళ్ళి బోర్డు ఊడబీకాడు. మేకులు కూడా మిగల్చలేదు. అక్కతో మాత్రం మాట్లాడలేదు. అత్తా నోరెత్తలేదు. శుక్రవారం దాకా ఆ నాలుగు రోజులూ ఇంట్లో మాట్లాడింది తల్లి ఒక్కతే, అదీ గిన్నెలతో.

తూనీగ మేడ ఎక్కుతుంది, దిగుతుంది. సీటు వస్తే? రాకపోతే? ముందు కావాలనుకున్నది పగ కోసం. ఇప్పుడు పగా లేదు, పాడూ లేదు. ఆ వరండా కావాలి, అంతే. దేనికోసమూ కాకుండా తనకోసమే కావాల్సి వచ్చేసరికి భయం ఇంతకింతైంది.

శుక్రవారం పొద్దున చెప్పులు వేసుకోవడానికి వంగిన పిల్ల అక్కడే చతికిలబడింది. "నావల్ల కాదమ్మా. అక్కడ నా పేరు లేకపోతే నేను చూడలేను."

"నువ్వేనా ఈ మాట అంటున్నది?" అంది తల్లి.

"నేను వెళ్ళి చూసొస్తా." వెనక గదిలోంచి అత్త వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది, చేతిలో సంచీ. ఆవిడ ఎవరి సమాధానం కోసమూ ఆగకుండా వీధిలోకి దిగిపోయింది.

ఆ రోజు ఎలా గడిచిందో తూనీగకే తెలియాలి. పేరు ఉందా లేదా అని సగం బెంగ, ఆవిడ మళ్ళీ ఏ అరుగు మీదో కూర్చుండిపోయిందేమోనని సగం బెంగ. మధ్యాహ్నం బస్సొచ్చింది, అందులో అత్త లేదు. తర్వాతి బస్సులోనూ లేదు. పొద్దు వాలుతుండగా మలుపు తిరిగి వస్తూ కనిపించింది. కాళ్ళకు దుమ్ము, జుట్టు చెదిరి ఉంది. తూనీగ ఎదురు పరిగెత్తబోయింది. తండ్రి చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఉండవే." ఆయన ముందుకు నడిచి అక్క ఎదురుగా నిలబడ్డాడు. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. "అక్కా, లోపలికి వెళ్ళావా?"

"వెళ్ళానురా! మొత్తం తిరిగాను. గ్రంథాలయంలో కూర్చున్నాను, ఎవరూ లేవమనలేదు. లెక్కల క్లాసు కిటికీలోంచి బోర్డు మీదిది చదివాను, సగం అర్థమైంది కూడా." నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు. తండ్రికీ కళ్ళు నిండాయి.

"అత్తా, నా పేరు?"

"నీ పేరా?" అత్త నవ్వు ఆగిపోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో! చూడలేదే తల్లీ!"

"చూడకపోవడమేమిటి! వెళ్ళిందే అందుకు కదా!"

"జాబితా గేటు దగ్గరే కదే. గేటు దగ్గర ఆగానంటే మళ్ళీ కాళ్ళు రావని, తల వంచుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయాను. వచ్చేటప్పుడు ఎవరో పిల్లలు వెనక గేటులోంచి బస్సు దాకా తీసుకొచ్చారు." అత్త తల బాదుకుంది. "నా బుద్ధి తగలెయ్యా!"

తూనీగకు అరవాలో ఏడవాలో తెలియక పడీ పడీ నవ్వింది.

మర్నాడు పొద్దున ఇద్దరూ బస్సు దిగారు. ఎదురుగా గేటు, పక్కన గోడకు అంటించిన కాగితాలు, వాటి ముందు గుంపు. తూనీగ కాళ్ళు రోడ్డుకి ఇవతలే ఆగిపోయాయి. అత్త ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఆగితే రావు ఆ కాళ్ళు. నా మాట విను, నడువు."

లారీ హారను మోగుతుంటే ఈడ్చుకెళ్ళింది. గుంపును తోసుకుని కాగితం మీద వేలు పెట్టి పైనుంచి చదువుకుంటూ వచ్చింది. నాలుగో వరసలో వేలు ఆగింది. అసలు పేరు, ఇంటి పేరుతో సహా. తూనీగ గాల్లోకి ఎగిరి గట్టిగా కేక పెట్టింది. గుంపులో వాళ్ళంతా తిరిగి చూశారు.

"అత్తా, పద! నాన్నకు చెప్పాలి, బస్సు వెళ్ళిపోతుంది!"

అత్త కదల్లేదు. పక్కన అంటించిన కాగితం వైపు జరిగింది. అది లెక్కల వాళ్ళ జాబితా.

"ఒక్క నిమిషం ఉండవే, ఇదీ చదవనీ" అంది.

అందులో ఆవిడకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అయినా మొదటి పేరు నుంచి ఒక్కొక్కటే, పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. తూనీగ తొందరపెట్టలేదు.